మజీదు, మశీద్, మసీదు: దాభోల్ బందరు నుంచి మన పేటల దాంక

షోలాపూర్ తూర్పు దిక్కున మన సాలోళ్ళ పేటలున్నయి. సాఖర్‌పేట, భవానీపేట, దాజీపేట, అశోక్ చౌక్, దత్తనగర్. ఈ పేటలల్ల నమాజు చేసే చోటును మూడు తీర్ల పిలుస్తరు. డెబ్బై ఏండ్లు దాటినోళ్ళు "మజీదు" అంటరు. మరాఠీ బడికి పోయిన పిల్లలు "మశీద్" అంటరు. తెలుగు పేపరు చదివే అలవాటున్నోళ్ళు "మసీదు" అంటరు. ఒకే ఇంట్ల, ఒకే అరుగు మీద కూసోని తాత ఒక తీరు, మనుమడు ఒక తీరు అనుడు నేను చెవులార విన్న.

మన వాడ మాటల పట్టిక తయారు చేసే పని మొదలైనంక ఈ మాట దగ్గరనే మొదటి పేచీ వచ్చింది. మజీదు, గుమ్మటం, హౌజు, చాదర్ లాంటి మాటలన్నీ పట్టికలకెల్లి తీసేయాలె, అవి తెలుగు కావు, తురక మాటలు, కాకుంటే మరాఠోళ్ళ దగ్గర నేర్చుకున్నవి అని ఇద్దరు ముగ్గురు గట్టిగ అన్నరు. కొట్టేసుడు ఎంతసేపు, ఒక గీత గీస్తే అయిపాయె. కాని కొట్టేసే ముందు ఆ మాట ఎక్కడ ఒడ్డుకు దిగింది, ఏ బాట పట్టి మన దాక వచ్చింది అని ఒకసారి చూడాలె కదా. నేను ఆ బాట పట్టుకొని పోతే దాభోల్ కాడ తేలిన. అందుకే ఇయ్యాల మన మగ్గాల సంగతి పక్కకు పెట్టి, సముద్రం ఒడ్డున ఉన్న ఒక పాత మసీదు గురించి రాస్తున్న.

దాభోల్ అనంగనే మనోళ్ళకు ఎన్రాన్ కరెంటు ఫ్యాక్టరీ యాదికొస్తది. ఆ ఫ్యాక్టరీ ఉన్నది నది అవతలి ఒడ్డున, గుహాగర్ తాలూకాల, అంజన్‌వేల్ దగ్గర. అసలు దాభోల్ ఊరు వాశిష్ఠీ నదికి ఉత్తరపు ఒడ్డున, రత్నగిరి జిల్లా దాపోలీ తాలూకాల ఉన్నది. నది సముద్రంల కలిసే మూతి కాడ, కొండకు నీళ్ళకు నడుమ సన్నటి పట్టీ లెక్క ఉంటది ఊరు. మన దిక్కు నుంచి పోవాలంటే పండరీపూర్, కరాడ్ మీదికెల్లి కుంభార్లీ ఘాటు దిగి చిప్లూణ్ చేరాలె, ఆడికెల్లి నది వెంబడి పడమటికి. ఈ బాట ఇప్పటిది కాదు. ఘాటు దిగిన ఎద్దుల మీది సరుకు చిప్లూణ్ దగ్గర పడవలకెక్కి దాభోల్‌కు పోయేది, ఓడల మీద వచ్చిన సరుకు అదే బాటన పైకెక్కేది.

బహమనీ సుల్తానుల కాలంల దాభోల్ మొత్తం దక్కనుకు పెద్ద దర్వాజ. బీదర్‌ల మదర్సా కట్టించిన మహమూద్ గవాన్ ఇరాన్ దేశపు గీలాన్ నుంచి వ్యాపారిగ వచ్చి 1453ల దిగింది ఈ రేవులనే. బీజాపూర్ రాజ్యం మొదలుపెట్టిన యూసుఫ్ ఆదిల్ ఖాన్ కూడ ఈడనే దిగిండని ఫరిష్తా రాసిండు. అఫనాసీ నికితిన్ అని రష్యా వ్యాపారి ఒకాయన 1469 ప్రాంతంల చౌల్ కాడ ఒడ్డుకు దిగి, జున్నర్ మీదుగ బీదర్ పోయి, కొన్నేండ్లు తిరిగి, ఇంటికి పోయేటప్పుడు దాభోల్‌లనే ఓడెక్కిండు. ఆయన రాసుకున్న పుస్తకంల ఒక ముచ్చట నాకు బాగ నచ్చుతది. రష్యా భాషల రాసుకుంట పోతూ నడుమ నడుమ తుర్కీ, ఫార్సీ, అరబీ కలిపిన బజారు భాషలకు జారిపోతడు. ఆఖరు ప్రార్థన కూడ ఆ కలగలుపు భాషలనే ఉంటది. మూడు భాషలు ఒక్క వాక్యంల కలిపి మాట్లాడే షోలాపూరోళ్ళకు ఇది వింతగ ఏమనిపించది.

ఈ దర్వాజ గుండ లోపలికి గుర్రాలు వచ్చేటియి. అరబ్బు గుర్రాలు లేకపోతే అప్పటి దక్కను రాజులకు ఫౌజు లేదు. బయటికి బట్ట పోయేది. షోలాపూర్ కోట కూడ బహమనీల నాటిదే. ఆ తర్వాత ఆ కోట కోసం అహ్మద్‌నగరోళ్ళు, బీజాపురోళ్ళు ఎన్నేండ్లు కొట్లాడుకున్నరో లెక్కలేదు. 1565 తళ్ళికోట యుద్ధానికి ముందు ఇద్దరు కలిసినప్పుడు, నిజాంషాహీ బిడ్డ చాంద్‌బీబీని అలీ ఆదిల్‌షాకు ఇచ్చి, వరకట్నంగ ఇచ్చింది మన షోలాపూర్‌నే. అంటే షోలాపూర్, దాభోల్ ఒకే ఆదిల్‌షాహీ జెండా కింద ఉన్న కాలం ఉన్నది. దాభోల్ రేవుల దిగిన మనిషిగాని, మాటగాని ఘాటెక్కి మన కోట దాంక వచ్చుడు పెద్ద ముచ్చటే కాదు.

1508 డిసెంబరు ఆఖర్ల పోర్చుగీసుల వైస్రాయి ఫ్రాన్సిస్కో ద అల్మైదా దాభోల్‌ను తగలబెట్టిండు. అదే ఏడు చౌల్ దగ్గర లడాయిల ఆయన కొడుకు చచ్చిపోయిండు. ఆ పగ తీర్చుకోను డియూ పోతూ, దారిల దాభోల్ మీద పడ్డడు. ఊరు ఊరంత బూడిదైంది. ఇప్పుడు మనం చూసే మసీదు ఆ బూడిద మీద మళ్ళ లేచిన ఊరిది, ఆదిల్‌షాహీల కాలపుది.

మసీదు పడవల రేవుకు బాగ దగ్గర. నల్లరాయితోని కట్టిన్రు. మెట్లెక్కి పోతే ముందట వాకిలి, వాకిట్ల నీళ్ళ హౌజు, వెనుక కమానులు, నడిమిట్ల పెద్ద గుమ్మటం, నాలుగు మూలల మీనారులు. బీజాపూర్ చూసి వచ్చినోళ్ళకు ఇది ఎవరి చేతి పని అని అడగనక్కరలేదు. గుమ్మటం మొదట్ల తామర రేకులు విచ్చుకున్నట్టు చెక్కుడు బీజాపూర్ పనోళ్ళ గుర్తు. గోల్ గుంబజ్ ఉన్న ఊరి పనితనాన్ని పట్టుకొచ్చి సముద్రం ఒడ్డున నిలబెట్టినట్టున్నది. కొంకణంల ఇట్లాంటి కట్టడం ఇంకోటి కనవడదు. చుట్టూత ఎర్రరాయి ఇండ్లు, కొబ్బరిచెట్లు, చేపల వాసన, నడుమ నల్లగ ఇది.

దీనికి పేర్లు చాన. సర్కారు బోర్డుల షాహీ మశీద్. ఊరోళ్ళ నోట్ల అండా మశీద్, ఎందుకంటె గుమ్మటం గుడ్డు లెక్క ఉంటదని. ఇంకో పేరు మాసాహెబా మశీద్. ఈ మాసాహెబా కథ ఆ ఊర్ల అందరు చెప్తరు. బీజాపూర్ రాజు ఇంటి ఆడబిడ్డ ఆయిషా బీబీ అని ఒకామె, హజ్ పోదమని బోలెడు పైకం పట్టుకొని, వెనుక సైన్యం పెట్టుకొని దాభోల్ వచ్చిందట. సముద్రం మీద దోపిడి భయముండి ఓడ ఎక్కలేకపోయిందట. దేవుని పేరున తీసిన పైకం ఇంటికి మళ్ళ పట్కపోవద్దని, ఆ పైకంతోని ఈ మసీదు కట్టించిందట. ఇది కథ. ఇట్లనే జరిగిందని నేను జమానతు ఉండను. కాని కథల ఉన్న భయం మాత్రం ఉత్త భయం కాదు. ఆ కాలంల ఈ సముద్రం మీద ఓడ నడవాలంటే పోర్చుగీసులు ఇచ్చే "కర్తాజ్" అనే చీటీ కావాలె. లేకుంటే ఓడను పట్టుకునేటోళ్ళు, సరుకు గుంజుకునేటోళ్ళు. హజ్ పోయే ఓడలకు కూడ అదే బాధ. ఈ కర్తాజ్ మాట కూడ సముద్రం మీద తిరిగొచ్చిన మాటనే. అరబీల కాగితాన్ని "కిర్తాస్" అంటరు, అది పోర్చుగీసుల నోట్ల పడి కర్తాజ్ అయి, మళ్ళ అరబ్బుల ఓడల మీదికే హుకుమై వచ్చింది.

1660ల మొదట్ల శివాజీ మహారాజు దాభోల్‌ను గెలుచుకున్నడు. ఆ తర్వాత సూరత్, ముంబై పెరిగినై. దాభోల్ చిన్నగైపోయింది. ఇప్పుడు నది దాటిచ్చే ఫెర్రీ ఒకటి కార్లు, మోటరుసైకిళ్ళు ఎక్కించుకొని అవతలి ధోపావె దాంక పోతది. మసీదు ముంగటికెల్లే పోతరు, శానమంది దిగి చూడనే చూడరు.

ఇగ మాట సంగతికొద్దాం. అరబీల అసలు మాట "మస్జిద్". నడుమ స, జ రెండు అక్షరాలు అతుక్కొని ఉంటయి. మన దక్కను భాషలకు ఆ అతుకు నచ్చలేదు. ఎవరికి వారు ఒక అక్షరం వదిలేసిన్రు. తెలుగు జ వదిలేసి మసీదు అన్నది. కన్నడం కూడ అంతే, మసీది. మరాఠీ కూడ జ వదిలేసింది, మశీద్. అక్షరం పోయిన జాగ ఊకె ఖాళీగ ఉండలేదు చూడండి. అసలు మాటల "జి" పొట్టిది, ఈ మూడిట్ల దీర్ఘం వచ్చింది. పడుగుల ఒక పోగు తెగితే పక్క పోగు జరిగి ఆ సందు నింపినట్టు.

మరి మరాఠీల శ ఎట్ల వచ్చింది? అరబీల లేదు, ఫార్సీల లేదు. అది మరాఠీ నాలుకకు సొంత అలవాటు. ఇ, ఈ ముందట స వస్తే మరాఠీ దాన్ని శ చేస్తది. ఫార్సీ సిపాహీ మరాఠీల శిపాయి అయింది. మనకు సిపాయిగనే ఉన్నది. సిక్కులను మరాఠోళ్ళు శీఖ్ అని రాస్తరు. అట్లనే మశీద్. కాబట్టి మన పిల్లలు మశీద్ అంటున్నరంటే అది బడిల నేర్చిన మరాఠీ అని కండ్లు మూసుకొని చెప్పొచ్చు.

పెద్దోళ్ళు అనే మజీదు సంగతి వేరు. ఇందుల పోయింది జ కాదు, స. జ గట్టిగ నిలబడ్డది. మరాఠీ మశీద్‌ను ఎంత గుంజినా మజీదు కాదు, ఆ మాటల జ అనేదే లేదు కదా. పేపర్ల తెలుగు మసీదు నుంచి కూడ రాదు. మస్జిద్‌ను నోటితోని విన్నోళ్ళు, స, జ రెండిట్ల జ ను పట్టుకున్నోళ్ళు మాత్రమే మజీదు అంటరు. ఇప్పటికీ తెలంగాణ పల్లెలల్ల పెద్దోళ్ళ నోట్ల ఇదే రూపం వినొచ్చు. మన ముత్తాతలు నిజాం రాజ్యంల కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు దిక్కు నుంచి వచ్చినోళ్ళు. రైలు 1860ల షోలాపూర్ దాంక వచ్చింది, పాత మిల్లు 1877ల పెట్టిన్రు, అటెన్క వలస ఇంకా జోరైంది. మూటల మగ్గం సామాను కట్టుకొని వచ్చినప్పుడు నోట్ల ఈ మాట కూడ కట్టుకొని వచ్చిన్రు. ఊర్ల పీర్ల చావడి కాడ దూలాటలు ఆడినోళ్ళకు, పీర్ల పండుగకు మొక్కు చెల్లించినోళ్ళకు ఇది పరాయి మాట ఎట్లయితది? ఇంటి పేరు ఫలానా సాలె అయ్యుండి పిల్లగానికి సైదులు అని పేరు పెట్టిన ఇండ్లు నల్లగొండ దిక్కు ఎన్ని లేవు!

అందుకే నేననేది, షోలాపూర్‌ల నేర్చుకున్నం కాబట్టి తీసేయాలె అన్న వాదన మజీదు కాడ నిలవది. షోలాపూర్‌ల నేర్చుకున్నది మశీద్. మజీదు వలస కంటె పాతది. మనం ఎక్కడికెల్లి వచ్చినమో చెప్పే సాక్ష్యాలల్ల అదొకటి.

తక్కిన మాటల మీద కూడ కొంచెం చెప్త. గుమ్మటం ఫార్సీ గుంబద్ నుంచి వచ్చింది. మరాఠీల అది ఘుమట్, మొదటి అక్షరం ఒత్తుతోని. మనది ఒత్తు లేని గ, లోపట జంట మ. కన్నడ గుమ్మట కూడ ఇట్లనే. బీజాపూరోళ్ళు గోల్ గుంబజ్‌ను గోల గుమ్మట అనే అంటరు. ఈ మాట విషయంల మనం మరాఠోళ్ళ పక్కన కాదు, కన్నడిగుల పక్కన కూసున్నం.

హౌజు మీద మాత్రం నేను జర తడబడుత. మసీదు వాకిట్ల కాళ్ళుచేతులు కడుక్కునే నీళ్ళ తొట్టి హౌజు. మన ఇండ్లల్ల కూడ నీళ్ళు నింపి పెట్టే సిమెంటు తొట్టిని ముసలోళ్ళు హౌజు అంటరు, మరాఠోళ్ళు హౌద్ అంటరు. అరబీల ఆ ఆఖరు అక్షరం ద కు దగ్గర, ఫార్సీల జ కు దగ్గర. అరబ్బు ఓడలు వచ్చిన ఒడ్డున హౌద్, ఫార్సీ దర్బారు నడిచిన గోల్కొండ దిక్కు హౌజ్ అని చెప్తే ఎంత ముచ్చటగ ఉంటది! నాకూ ఆశనే. కాని హిందీల కూడ హౌద్ ఉన్నది, అక్కడ కొంకణపు ఒడ్డు ఏది? కాబట్టి ఆ ముచ్చటైన మాట నేను పట్టికల రాయలేదు. మన తాతలు హౌజు అన్నరు, మరాఠోళ్ళు హౌద్ అంటరు. ఇంతే రాసిన.

బందరు మాట కాడ నవ్వొస్తది. ఫార్సీ "బందర్" అంటే ఓడరేవు. మరాఠీల ఇప్పటికీ ఓడరేవుకు అదే మాట, దాభోల్ బందర్ అనే అంటరు. తెలుగుల అది ఒక్క ఊరికి పేరై కూసున్నది, మచిలీపట్నం. గోల్కొండ రాజ్యానికి తూర్పు దర్వాజ అది. 1605ల డచ్చోళ్ళు, 1611ల ఇంగ్లీషోళ్ళు అక్కడ కొట్లు పెట్టింది బట్ట కోసమే. అంటే తెలంగాణ, ఆంధ్ర సాలోళ్ళ బట్టకు అటు బందరు, బీజాపూర్ రాజ్యపు బట్టకు ఇటు దాభోల్ బందర్. షోలాపూర్ పిల్లగాన్ని పట్టుకొని బందర్ అంటే ఏంది అని అడగండి. హిందీ సినిమాలు చూసినోడు కోతి అంటడు, మరాఠీ పుస్తకం చదివినోడు ఓడరేవు అంటడు, ఆంధ్ర చుట్టాలున్నోడు లడ్డు అంటడు.

ఇప్పుడు అసలు చిక్కు. మజీదును తీసేస్తే, అదే నియమం పట్టి చాదర్‌ను కూడ తీయాలె. చాదర్ ఫార్సీ మాట. దర్గా మీద కప్పేది చాదర్, మనం జకార్డు మగ్గం మీద నేసేది చాదర్. తెలంగాణల దాన్నే చెద్దరు అంటరు. అటెన్క తువ్వాల పోవాలె. తువ్వాల పోర్చుగీసుల "తొఆల్యా" నుంచి వచ్చింది. అంటే దాభోల్‌ను తగలబెట్టినోళ్ళ భాష. షోలాపూర్ పేరు దేశమంత తెలిసింది ఏ రెండు సరుకులతోని? చాదర్, తువ్వాల. ఆ రెండిటికీ జీఐ గుర్తింపు వచ్చింది. మన కడుపులు నింపిన రెండు సరుకుల పేర్లు కొట్టేసి, మిగిలినదాన్ని సాలోళ్ళ భాష అని అచ్చేసుకుంటమా? సాంచా కూడ పడమటి దిక్కు మాటనే. ఇయ్యాల సిరిసిల్లల మరమగ్గాలను సాంచాలు అంటరు. వలస పోయినోళ్ళ మాట తిరిగి ఇంటికి పోయి కూసున్నది. సిరిసిల్లోళ్ళ పట్టికలకెల్లి కూడ తీసేయిద్దమా?

పడుగు, పేక, నాడె, కండె, అచ్చు అనే మాటలు మాత్రం మగ్గం ముందట మారకుంట ఉన్నయి. చేతి పని మాటలు మనయి, బజారు మాటలు బజారుకెల్లి వచ్చినయి. సరుకు అమ్ముకొని బతికేటోళ్ళ భాష ఎట్లుండాలెనో అట్లనే ఉన్నది. పేచీ పెట్టిన తమ్ముళ్ళ బాధ నాకు తెలువక కాదు. తెలుగు బడులల్ల పిల్లలు తగ్గిపోతున్నరు, ఇంట్ల మరాఠీ పెరుగుతున్నది, ఉన్న తెలుగునన్న శుభ్రంగ ఉంచుదమని వాళ్ళ తపన. కాని మజీదును కొట్టేస్తే ఆ జాగల శుభ్రమైన తెలుగు వచ్చి కూసోదు. మశీద్ వచ్చి కూసుంటది. ఇప్పటికే కూసున్నది.

ప్రస్తుతానికి పట్టికల మూడు రూపాలు ఉంచినం. ఒక్కొక్క దాని పక్కన అన్నోళ్ళ వయసు, చదివిన బడి భాష, తాతల ఊరు రాస్తున్నం. మజీదుకు ఇప్పటిదాంక దొరికిన నోళ్ళల్ల ఒక్కటి కూడ అరవై ఏండ్ల కిందిది లేదు. మీ ఇంట్ల అవ్వగాని, తాతగాని మజీదు అంటే, వాళ్ళు ఏ ఊరి నుంచి వచ్చిన్రు, ఎన్నో తరం, మగ్గం మీదనా మిల్లులనా బీడీలనా పనిచేసిండ్లు అని అడిగి రాసి పంపండి. అడిగేటప్పుడు మాట మీరు అనొద్దు, అంటే మీ మాటనే తిరిగి చెప్తరు. శుక్రవారం నమాజు ఎక్కడ చేస్తరు అని అడగండి, వాళ్ళ నోటికెల్లి వచ్చింది వచ్చినట్టే రాయండి. హౌజుకు ఇంకా ఇద్దరే దొరికిన్రు, ఇద్దరూ సాఖర్‌పేటోళ్ళే.